లేఖనసాంద్రత: తాళపత్రము మొదలు పరమాణువు వఱకు

వేటపాలెమను పేరు వినని తెలుగు పరిశోధకుడు అరుదు. చీరాలకు చేరువను, బంగాళాఖాతపు తీరమునకు కొలది మైళ్ళ దూరమునను ఉన్న యీ నేతగాండ్ర యూరు పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడి తరువాత ప్రకాశము జిల్లా యనిపించుకొన్న ఒంగోలు జిల్లాలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లాలు మాఱినను పరిశోధకుల త్రోవ మాఱలేదు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు నెలకొల్పిన సారస్వత నికేతనమే అందులకు కారణము. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన పిదప ఊరూర పుట్టిన గ్రంథాలయములలో నిదియొకటి. 1929లో గాంధీ మహాత్ముడు దీని భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆ యుద్యమమున పుట్టినవి పెక్కు కాలగర్భమున కలిసిపోగా, ఇది నిలిచి, పాత పత్రికల సంచికలకు పుట్టినిల్లువంటిదైనది. 1902లో బందరున మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో చెన్నపురిలో దినపత్రికయైన ఆంధ్రపత్రిక, 1924లో వెలువడిన భారతి మున్నగువాని సంచికలకై పరిశోధకులు ఆశ్రయించు చోట్లలో నిది ముఖ్యమైనది.

ఇటీవల పరిశోధక విద్యార్థులలో ఒక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. వ్రేలిగోరంత మెమొరీ కార్డులో లక్ష పుస్తకముల పాఠము ఇముడుచుండగా, ఈ కాగితపు గుట్టలను చెదలనుండియు తుపానులనుండియు కాపాడు శ్రమ యేల? అన్నింటిని ఎక్కించి, కాగితమును సెలవు పుచ్చుకొననీయరాదా? ఈ ప్రశ్న తేలికది కాదు. గ్రంథాలయములకు ధనమిచ్చువారును దీనినే అడుగుదురు. దీనికి ఉత్తరము చెప్పుటకు ముందు ఇముడుట వేఱు, నిలుచుట వేఱు అని గుర్తింపవలెను. ఇముడుటయందు గడచిన డెబ్బది యేండ్లలో కలిగిన వృద్ధి మానవచరిత్రలో మఱియే శిల్పమునందును కలుగలేదు. నిలుచుట మాటకు వచ్చునప్పటికి కథ వేఱుగా నున్నది. అంతియకాక ఆ రెంటికిని నడుమ పదార్థధర్మమువలన కలిగిన యొక వైరము కలదు. దానిని తెలుగు శాఖలవారికి తెలిసిన మాటలతో వివరింపవలెనని మా యుద్దేశము.

మొదట కొలతబద్దను సిద్ధపఱచుకొందము. కంప్యూటరునకు అక్షరము తెలియదు. ఉన్నది, లేదు అను రెండు స్థితులలో నొకదానిని చూపు గుర్తే దానికి మూలము. దీనిని బిట్టందురు. ఎనిమిది బిట్లొక బైటు. నేడు లోకమంతట వాడుకలో నున్న యూనికోడు పట్టికలో తెలుగునకు 1991లో చోటు దొరకినది. అందు హల్లునకొక సంకేతము, గుణింతపు గుర్తునకొకటి, పొల్లునకొకటి, సున్నకొకటి. సాధారణముగా నిలువ చేయునపుడు ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. 'శ్రీ' అనునపుడు మన లెక్కకు అక్షరమొక్కటే. యంత్రమున కది శకారము, పొల్లు, రేఫము, దీర్ఘమగు గుడి అని నాలుగు సంకేతములు, పండ్రెండు బైట్లు, 96 బిట్లు. 'వేటపాలెం' అను మాట ఎనిమిది సంకేతములు, 24 బైట్లు, 192 బిట్లు. ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటు చాలుచుండగా మన సంకేతమునకు మూడు కావలసివచ్చెనని కొందఱు నొచ్చుకొందురు. చోటు చౌకయైన యీ కాలమున అది యెన్నదగిన నష్టము కాదు.

ఈ బద్దతో తాళపత్రమునే కొలిచి చూచితిమి. పదునెనిమిది అంగుళముల నిడివియు అంగుళమున్నర వెడల్పును గల ఆకును తీసికొందము. ప్రక్కకు ఏడు పంక్తులు, పంక్తికి అఱువది యక్షరములు అనుకొన్నచో ఒక ప్రక్కను 420 అక్షరములు. అక్షరమునకు సగటున రెండు సంకేతముల చొప్పున లెక్కించిన 20,160 బిట్లు తేలును. ఆకు వైశాల్యము 27 చదరపు అంగుళములు. అనగా చదరపు అంగుళమునకు సుమారు 750 బిట్లు. ఇది యుజ్జాయింపే, గంటము సన్ననిదైన పెరుగును, వ్రాయసకాని చేయి పెద్దదైన తగ్గును. ఐనను ఈ సంఖ్యను మనసున నుంచుకొనుట మంచిది. ఏలయన 1956లో ఐ.బి.ఎం. సంస్థవారు విపణికి తెచ్చిన రామాక్ అను తొలి డిస్కు యంత్రము చదరపు అంగుళమునకు 2,000 బిట్లు మాత్రమే పట్టించుకొన్నది. రెండడుగుల వెడల్పు గల ఏబది పళ్ళెరములు ఒకదానిపై నొకటి గిరగిర తిరుగుచుండ, అన్నియు కలిసి మోసిన బరువు ఏబది లక్షల అక్షరసంకేతములు. సాంద్రత మాటయందు అది మన తాటియాకునకు మూడు రెట్లును కాలేదు. గంటము పట్టిన వ్రాయసకాడు యంత్రయుగపు గడపదాక వెనుకబడినవాడు కాడన్నమాట.

ఆ పిమ్మట జరిగినది వేఱు. నేటి డిస్కులు చదరపు అంగుళమునకు లక్ష కోట్ల బిట్లను మించినవి. రామాక్‌తో పోల్చిన ఏబది కోట్ల రెట్లు. ఈ వృద్ధి అంతయు నొక్కటే యుపాయమున సాధింపబడినది: గుర్తును చిన్నది చేయుట. డిస్కు పళ్ళెరముపై పూతగా పూసిన లోహమునందు సూక్ష్మమైన రేణువులుండును. ఒక్కొక్క రేణువు చిన్న అయస్కాంతము. కొన్ని రేణువుల గుంపు ఒకవైపు మొగము త్రిప్పిన 'ఉన్నది', వేఱొకవైపు త్రిప్పిన 'లేదు'. నేటి రేణువు వెడల్పు ఏడెనిమిది నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. గుంటూరు సీమ పత్తికాయలోని యొక్క పీచు వెడల్పు పదునైదు ఇరువదివేల నానోమీటర్లుండును. అట్టి పీచుకడ్డముగా ఈ రేణువులను పేర్చినచో రెండువేలకు తక్కువగాక పట్టును.

రేణువు నింకను చిన్నది చేయరాదా? ఇచ్చటనే చెప్పిన వైరము తల యెత్తును. ఏ పదార్థమందైనను వేడిమి యనగా పరమాణువుల కంపమే. ఆ కంపము రేణువును ఎడతెగక కుదుపుచుండును. రేణువు పెద్దదైనచో అందలి వేలకొలది పరమాణువులు ఒక్కమాటపై నిలిచి ఆ కుదుపును ఓర్చును. చిన్నదైనచో ఓర్చుకొను బలము దాని ఘనపరిమాణముతో పాటు తగ్గును. బలము తగ్గినంత మాత్రమే మన్నికయు తగ్గిన చింత లేకపోవును. కాని సగము బలమునకు సగము మన్నిక కాదు. ఒక లెక్క చూపెదము. వేడిమి సెకనుకు నూఱుకోట్ల పర్యాయములు రేణువును కుదుపుననుకొందము. రేణువు తిరుగబడకుండ అడ్డు నిలుచు గట్టు, ఒక కుదుపు సగటు శక్తికి అఱువది రెట్లున్నచో, అది తన మొగమును తనంత త్రిప్పుకొనుటకు సగటున మూడువందల కోట్ల యేండ్లకు పైగా పట్టును. అదే రేణువును సగమునకు తగ్గింపుడు. గట్టు ముప్పది రెట్లగును. ఇప్పుడు పట్టు కాలము మూడు గంటలు.

మూడువందల కోట్ల యేండ్లెక్కడ, మూడు గంటలెక్కడ! మధ్యనున్నది సగము రేణువు. శిలాశాసనము చెక్కినవానికి గాని, ఆకుపై గీచినవానికి గాని ఈ సంకటము లేకుండెను. వాని యక్షరమునందు పరమాణువులు కోటానుకోట్లు. కొన్ని చెదరినను ఆకారము చెదరదు. అక్షరము నానోమీటర్లలోనికి దిగినపుడే వేడిమియే చెదపురుగగును.

ఈ గట్టును దాటుటకు శిల్పులు పన్నిన పన్నుగడ చమత్కారమైనది. ఇనుమును ప్లాటినమును కలిపిన మిశ్రలోహపు రేణువులు మిక్కిలి మొండివి, చిన్నవైనను తిరుగబడవు. ఐతే వ్రాయువాని మాటయు వినవు. అందుచేత వ్రాయబోవు చోటును లేజరు కిరణముతో క్షణకాలము నాలుగువందల డిగ్రీలకు పైగా కాల్చి, మెత్తబడిన యా లిప్తలో మొగము త్రిప్పి, వెంటనే చల్లారనిత్తురు. కమ్మరి కొలిమినుండి తీసిన యినుమును సాగగొట్టుటకును దీనికిని ఊహయందు భేదము లేదు. 2024 నుండి సీగేట్ సంస్థవారు ముప్పది టెరాబైట్లకు మించిన డిస్కులను ఈ పద్ధతిపై విపణికి పంపుచున్నారు. టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లు.

మన చేతిలోని ఫోనులయందును మెమొరీ కార్డులయందును ఉండునది డిస్కు కాదు. అది సిలికాను ఫలకమున కట్టిన గదుల వరుస. ఒక్కొక్క గదిలో కొన్ని ఎలక్ట్రానులను బంధించి, వాని పరిమాణమును బట్టి గుర్తును చదువుదురు. నేలపై చోటు చాలక గదులపై గదులను లేపి, నేడు మూడువందల అంతస్తులను మించినారు. ఎలక్ట్రాను ఎంత కట్టుదిట్టమైన గోడనైనను మెల్లగా దాటుకొని పోవు స్వభావము కలది. అందుచే ఈ పరిశ్రమవారి ప్రమాణపత్రమే, చివఱిదాక వాడి అరిగిన సాధారణపు డిస్కు, విద్యుత్తు లేకుండ 30 డిగ్రీల యుష్ణమున ఒక యేడు నిలిచిన చాలునని కోరుచున్నది. క్రొత్తది ఇంతకంటె చాలకాలము నిలుచును. కాని యుష్ణము పెరిగినకొలది ఆయువు తగ్గును. మన కోస్తాలో ఏప్రిలు, మే నెలల ఎండలో బీరువా లోపలి వేడిమి ఎంత యుండునో చదువరులెఱుగుదురు. శోధపత్రమును మెమొరీ కార్డులో నెక్కించి బీరువాలో పెట్టి తాళము వేసినవారు దానిని దాచినట్లు కాదు.

ఇక పరమాణువు సంగతి. 1959 డిసెంబరు 29న అమెరికాలో రిచర్డ్ ఫేన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త ఒక యుపన్యాసమున, ఇరువదినాలుగు సంపుటముల ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను గుండుసూది తలపై ఏల వ్రాయరాదని ప్రశ్నించెను. అప్పటి కది వినోదపు మాట. 1981లో జ్యూరిచ్ నగరమున బిన్నిగ్, రోరర్ అనువారు, పరమాణువు తలమీద సూదిమొనతో తడుము సూక్ష్మదర్శిని కనిపెట్టిరి. దానికై 1986లో నోబెల్ బహుమానమందిరి. ఆ సూదితోనే 1989లో డాన్ ఐగ్లర్ నికెలు పలకపై ముప్పదియైదు జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి తన సంస్థ పేరులోని మూడక్షరములు కూర్చెను. గంటమునకు ఇంతకంటె సన్నని మొన యుండబోదు. 2012లో పండ్రెండు ఇనుప పరమాణువులతో నొక బిట్టు, 2017లో ఒక్క హోల్మియం పరమాణువుతో నొక బిట్టు నిలుపబడినవి. ఈ రెండును పరమశీతలమునకు కొలది డిగ్రీల దూరమున జరిగిన పనులు.

వీనిలో మనకు పనికివచ్చు దృష్టాంతము 2016లో హాలెండు దేశపు డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయమున సాండర్ ఓటె బృందమువారు చేసినది. రాగి పలకపై క్లోరిను పరమాణువులను ఒక వరుసగా పఱచి, అందు అచ్చటచ్చట ఖాళీలు విడిచిరి. ఖాళీ పైనున్నచో ఒక గుర్తు, క్రిందనున్నచో ఇంకొక గుర్తు. పదునైదు పలకల ఆటలో బిళ్ళను జరిపినట్లు సూదితో పరమాణువును జరిపి ఒక కిలోబైటు వ్రాసిరి. వ్రాసినది ఫేన్‌మన్ ఉపన్యాసమునందలి భాగమే. ఆ కిలోబైటు పట్టిన చోటు ఇంచుమించు నూఱు నానోమీటర్ల చదరము. 'వేటపాలెం' అని వ్రాసికొన్నచో నలుబది పర్యాయములు పట్టును. ఈ లెక్కను సాగదీసిన చదరపు అంగుళమునకు ఐదువందల లక్షల కోట్ల బిట్లగును. పుటకు వేయి యక్షరములు, పుస్తకమునకు మూడువందల పుటలు అనుకొన్నచో లక్ష తెలుగు పుస్తకముల పాఠము పదునెనిమిదివేల కోట్ల బైట్లు. డెల్ఫ్ట్ వారి సాంద్రతతో దానిని వ్రాయుటకు ఒక నువ్వుగింజ పైతలము చాలును, మిగులును. ఐతే ఆ గింజను గాలిలేని గదిలో, ద్రవనైట్రొజను చలిలో, అనగా సున్నకు దిగువ 196 డిగ్రీల యొద్ద ఉంచవలెను. చలి తప్పినచో పరమాణువులు తమ దారి తాము చూచుకొనును. చదువుటయు నిమిషముల మీది పని. దీనిని గ్రంథాలయమని పిలువ మాకు మనసొప్పదు. గ్రంథాలయమునకు హద్దు ఎక్కడనో చూపిన ప్రయోగమని పిలుతుము.

ఇంత చలి యక్కఱలేని సూక్ష్మలేఖనము ప్రకృతియే చేయుచున్నది. జీవకణములోని డి.ఎన్.ఎ. నాలుగు విధములైన మూలకల వరుస. 2012లో జార్జి చర్చ్ తన పుస్తకమునొకదానిని ఈ లిపిలో వ్రాసి చదివించెను. 2017లో ఎర్లిక్, జీలిన్స్కీ అనువారు గ్రాము డి.ఎన్.ఎ.లో 215 పెటాబైట్లు, అనగా రెండులక్షల పదునైదువేల టెరాబైట్లు, పట్టింపవచ్చునని చూపిరి. లక్ష పుస్తకముల పుటలను బొమ్మలుగా తీసినను, పుస్తకమునకు ఐదుకోట్ల బైట్ల చొప్పున ఐదు టెరాబైట్లే. గ్రాములో నలుబదివేలవ వంతు చాలును. చలిప్రదేశములలో పాతుకొన్న డి.ఎన్.ఎ. ఇరువది లక్షల యేండ్ల పిమ్మటను చదువ వీలైనదని 2022లో గ్రీన్‌లాండు మట్టినిబట్టి తేలినది. తేమ తగిలిన మాత్రము శీఘ్రముగా చెడును; వ్రాయుటకు నేటికిని మిక్కిలి వ్యయము. గాజు మఱియొక దారి. ఇంగ్లండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమున కజాన్‌స్కీ బృందము 2013లో, లేజరు కిరణముతో గాజు కడుపులో చుక్కలు పొడిచి వ్రాయు పద్ధతిని చూపినది. 2019లో మైక్రోసాఫ్ట్ వారు అఱచేతిలో నిముడు గాజుపలకలో 1978 నాటి సూపర్‌మాన్ చలనచిత్రమును పూర్తిగా వ్రాసిరి. ఉడికించినను, తోమినను చెడలేదు. సాంద్రతలో నిది పరమాణువుకంటె ఎంతో వెనుక, మన్నికలో ముందు. చెప్పిన వైరము ఇందును కనబడుచున్నది.

గుర్తు చిన్నదగుకొలది తప్పులు పెరుగునని తేలినది గదా! అట్లయిన మన ఫోనులోని పాఠము తప్పు లేకుండ ఎట్లు వచ్చుచున్నది? తప్పు లేకుండ రాదు. తప్పులతోనే వచ్చి, దారిలో దిద్దబడుచున్నది. దీనిని తెలుగు విద్యార్థి అందఱికంటె ముందుగా గ్రహింపగలడు. మనకు ఛందస్సు కలదు.

ఉత్పలమాలను తీసికొందము. పాదమునకు ఇరువది యక్షరములు. భ, ర, న, భ, భ, ర గణములును లఘు గురువులును వరుస తప్పరాదు. పదవ యక్షరము మొదటిదానితో యతి కుదురవలెను. నాలుగు పాదములందును రెండవ యక్షరమున ప్రాస యుండవలెను. వ్రాయసకాడు ఒక యక్షరము వదలినచో పాదము కుంటువడి వెంటనే పట్టుబడును. లఘువునకు బదులు గురువు వ్రాసినను పట్టుబడును. యతిస్థానమున తప్పు పడినచో, పడినదని తెలియుటయే కాక, అచ్చట నుండదగిన యక్షరములు ఈ కొన్నియే యని వెదకు చోటు ఇఱుకగును. ప్రాసస్థానమున నైనచో తక్కిన మూడు పాదములును సాక్ష్యమిచ్చి సరియైన హల్లును చేతికిచ్చును. కవి చెప్పదలచిన యర్థమునకు ఈ నియమములు అక్కఱలేదు. అవి యదనపు బరువు. ఆ యదనపు బరువే కావలి. ఈ కావలి కన్నుగప్పి దాటవలెనన్న తప్పు, యతిప్రాసల చోట్లు కాక, పోయిన యక్షరపు తూకమే తూగునదై యుండవలెను. మన కావ్యప్రతులలో గట్టిగా నిలిచిన పాఠభేదములు పెక్కు ఛందస్సునకు సరిపడుచుండుటకు ఇదియే హేతువు. సరిపడనివి దారిలోనే దిద్దుబడినవి. వచనమునకీ కావలి లేదు. అందుచే వచనప్రతులలో పంక్తులకు పంక్తులే జాఱిపోయినను పట్టిచ్చువారుండరు.

1950లో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు బిట్లకు చేసినది ఈ పనియే. నాలుగు బిట్ల విషయమునకు మూడు కావలి బిట్లను చేర్చి, ఏడింటిలో ఏ యొక్కటి తలక్రిందులైనను ఏది తప్పినదో తెలిసికొని దిద్దు నియమమును రచించెను. 1960లో రీడ్, సాలమన్ అనువారు గుంపులు గుంపులుగా చెడినను దిద్దగల నియమమును కూర్చిరి. గీతలు పడిన కాంపాక్టు డిస్కు పాడుటకు అదియే యాధారము. నేటి మెమొరీ చిప్పులు ఇంతకంటె జటిలమైన నియమములను వాడును. ఆ కావలి తీసివేసినచో గోరంత కార్డు ఒక్క పుటయైనను నమ్మదగినట్లు చూపజాలదు. 2017 నాటి డి.ఎన్.ఎ. ప్రయోగమున మఱియొక యుపాయము కలదు: ఏ పోగులు పోయినను, చాలినన్ని పోగులు మిగిలినచో మొత్తము పాఠము తిరిగివచ్చునట్లు పంచి వ్రాయుట. వేఱువేఱు ఊళ్ళ ప్రతులను ముందుంచుకొని, ఒకదాని లోపమును వేఱొకదానితో పూరించు పరిష్కర్త చేయునదియు నిదియే. ఐతే ఒక భేదము గమనింపదగును. యంత్రమునందు కావలి నియమము వ్రాయుటకు ముందే యేర్పడును. పరిష్కర్త తరువాత వచ్చి, ప్రతుల వంశవృక్షమును ఊహించి, అరుదైన పాఠమునకు విలువ కట్టవలసి యుండును. యంత్రము మూలమును తిరిగి తేగలదు; ఏది మూలమో నిర్ణయింపజాలదు.

కావలి నియమమైనను కొంతవఱకే. తప్పుల మొత్తము హద్దు మీఱకముందే పాఠమును చదివి, దిద్ది, మరల క్రొత్తగా వ్రాయవలెను. పెద్ద నిలువలు గల సంస్థలలో యంత్రములు ఈ పనిని రేయింబవళ్ళు చేయుచుండును. పాతబడిన డిస్కులను తీసి క్రొత్తవానికి ఎక్కింతురు. ఇది మనకు క్రొత్త కాదు. తాటియాకు మూడునాలుగు వందల యేండ్లు నిలుచును. తేమగాలిలో నింకను తక్కువ. మన ప్రాచీన కావ్యములు కవి స్వహస్తపు ప్రతులలో నిలువలేదు. తరమునకొకడు కూర్చుండి ఎత్తివ్రాసినందున నిలిచినవి. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌను కడపయందు పండితులను వేతనములకు కుదిర్చి చేయించినదియు ఎత్తివ్రాతయే. ఆ ప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున చేరకున్నచో మన సాహిత్యచరిత్రలో నెన్ని పుటలు ఖాళీగా నుండెడివో చెప్పజాలము. మాధ్యమము సాంద్రమైనకొలది ఎత్తివ్రాతల నడిమి యెడము తగ్గినది, అంతియే భేదము. ఆకునకు శతాబ్దములు, డిస్కునకు కొన్ని యేండ్లు.

ఎత్తివ్రాత ఆగిన నేమగునో ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి 1994లో ట్యూరింగు బహుమానమందిన రాజ్ రెడ్డిగారి పూనికతో, ఈ శతాబ్ది తొలి దశకమున భారత డిజిటల్ గ్రంథాలయ ప్రణాళిక సాగినది. బెంగుళూరు విజ్ఞానసంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటి మున్నగువానియందు లక్షలకొలది పుస్తకములు, అందు వేలకొలది తెలుగువి, స్కాను చేయబడినవి. గ్రంథనామములు ఆంగ్లలిపిలో తప్పులతో నెక్కుట, పుటలు జాఱుట వంటి దోషములున్నను, మారుమూల కళాశాలలోని విద్యార్థికి అది కల్పవృక్షమైనది. 2017 నాటికి ఆ వెబ్‌సైటు మూతపడినది. కార్ల్ మాలమడ్ అను అమెరికా దేశస్థుడు అంతకుముందే అందలి నాలుగు లక్షలకు పైబడిన పుస్తకములను ఇంటర్నెట్ ఆర్కైవునందు ప్రతి తీసి పెట్టుటచే అవి నేటికిని మనకు దక్కినవి. ఆ పుస్తకములను కాపాడినది డిస్కుల సాంద్రత కాదు, రెండవ ప్రతి.

ప్రతి యుండియు చదువరాని దుఃస్థితి ఇంకొకటి కలదు. ఇది మన శాఖలకు సూటిగా తగులునది. 1990వ దశకమునను ఆ తరువాత కొంతకాలమును తెలుగు పరిశోధన వ్యాసములు పెక్కు ఆయా ఖతుల సొంత సంకేతములతో టైపు చేయబడినవి. యూనికోడు అప్పటికే పుట్టినను వాడుకలోనికి రాలేదు. ఆ ఖతిలో 'క'కారమునకు ఏ సంఖ్య, తలకట్టునకు ఏ సంఖ్య యనునది ఆ ఖతి చేసినవారి యిచ్ఛ. నేడా ఫైలును తెఱచినచో ఆంగ్లాక్షరములును విరామచిహ్నములును కలగాపులగమై కనబడును. బిట్లన్నియు పదిలముగా నున్నవి. తెలుగు మాత్రము లేదు. శాసనము చెక్కుచెదరకుండ నుండి లిపి తెలియకపోయిన వైనమిది, ముప్పదియేండ్లలోనే. సంకేతముల పట్టిక తెలిసినవారు మనలో నుండగానే ఈ ఫైళ్ళను యూనికోడునకు మార్పించుట, ఫ్లాపీలనుండియు సీడీలనుండియు దింపి రెండుమూడు ఊళ్ళ యందుంచుట శాఖలు చేయవలసిన పని. దీనికి నానోశిల్పమేమియు అక్కఱలేదు. ఒక గుమాస్తాయు, రెండు డిస్కులును, యేటేట సరిచూచు అలవాటును చాలును. సరిచూచుటకు సులువైన సాధనమున్నది: ఫైలునంతటిని గణితముచే చిన్న సంఖ్యగా కుదించి వ్రాసికొని, మరుసటి యేడు మరల కుదించి పోల్చుట. ఒక్క బిట్టు మాఱినను సంఖ్య మాఱును.

ఇక వేటపాలెపు కాగితము మాట. పాత పత్రికల కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. అందలి ఆమ్లము దానినే తినివేయుచుండును. మడతపెట్టిన చోట విఱుగును, అంచులు పొడియగును. దానిని స్కాను చేయుట అవసరమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారు పాత పత్రికలను స్కాను చేయించి యుంచిన ప్రతులవలన ఎందఱికో ప్రయాణశ్రమ తప్పినది. ఐనను చోటు పొదుపుకొఱకు తొలినాటి స్కానులు పెక్కు, నడిమి ఛాయలు లేకుండ, నలుపు తెలుపు మాత్రమే పట్టించుకొన్నవి. ఒక చుక్కను నలుపనవలెనా తెలుపనవలెనా యని యంత్రము ఒక్క గీటు గీచి తేల్చివేయును. పసుపెక్కిన కాగితముపై వెలిసిన సిరాతో నున్న అరసున్న ఆ గీటునకు ఆవల పడి తెల్లబాఱును. మరక యీవల పడి సున్నయగును. వత్తు పోయి 'ధ' కారము 'ద' కారమగుటయు కలదు. పద్యమైనచో కొన్నింటిని ఛందస్సు పట్టిచ్చును. సంపాదకీయమునకు ఛందస్సు లేదు. ఈ స్కానును నువ్వుగింజపై వ్రాసినను, గాజులో పొడిచినను, పోయిన అరసున్న పోయినట్లే. నేటి పరికరములతో రంగులో, హెచ్చు సూక్ష్మతతో తీసిన బొమ్మ పుటకు పదిరెట్ల చోటు తీసికొనును. సాంద్రత పెరిగినందుకు మనకు కలిగిన నిజమైన లాభము ఇచ్చటనే యున్నది. పది పుటలు పట్టుచోట ఒక్కటి వ్రాసికొనుటకు ఇప్పుడు వెనుదీయనక్కఱలేదు. కాని ఆ రెండవ స్కానునకు కాగితము మిగిలియుండవలెను. నలుపు తెలుపు ప్రతిపై ఆధారపడి పాఠము నిర్ణయించిన విద్యార్థి, సందేహము వచ్చిన చోట్లను వేఱుగ వ్రాసికొని, చీరాల ప్రక్క స్టేషనులో దిగి మూలమును కన్నులార చూచి రావలసినదే. మేమును మా విద్యార్థులకట్లే చెప్పుచున్నాము.